వేసవిలో పడవ ప్రయాణము



నేను పెందుర్తి కాపురస్థుడను. మా యూరికి రైలు కలదు, రాజబాట కలదు, చెంతనే మేఘాద్రిగెడ్డ జలాశయము కలదు. కాని పడవ నడచు కాలువ లేదు. ఏలేశ్వరమువైపునుండి ఏలేరు కాలువ మా విశాఖసీమకు నీరు తెచ్చుచున్నను, ఆ నీరు ఉక్కు కర్మాగారమునకును పట్టణవాసుల దాహమునకును వచ్చునదే కాని పడవలకొరకు వచ్చునది కాదు. అట్టి యూరివాడు పడవప్రయాణమును గూర్చి పెద్దలయెదుట మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. కారణము విన్నవించెదను.

కొన్నియేండ్ల క్రిందట వైశాఖమాసమున మా వీధివారము పదునెనిమిదిమందిమి గోదావరికి బయలుదేరితిమి. పిల్లలకు బడి సెలవులు. పెండ్లి ముహూర్తముల నడుమ నాలుగు దినములు తెరపి చిక్కినది. రైలు టిక్కెట్లును దొరకినవి. ఇంక కొదువ యేమి యనుకొంటిమి. మా మనస్సులలో ఒక చిత్తరువు నిలిచియుండెను: నిండుకాలువ, ఇరుగట్ల కొబ్బరిచెట్లు, నడుమ మెల్లగా సాగు పడవ, అందు మేము. తీరా పోయి చూడగా కాలువలో నీరు లేదు. మిగిలిన మడుగులలో బాలురు చేపలు పట్టుచుండిరి. కూలీలు పూడిక తీయుచుండిరి. సరే, నదిలో లాంచి యెక్కుదమని రేవునకు పోగా, గాలివాన సూచన యున్నది గాన ఆ దినమున లాంచీలు కదలవని చెప్పిరి. పిల్లలు ఏడ్వసాగిరి. పెద్దలము ఒకరినొకరు తప్పుపట్టుకొనసాగితిమి. అప్పుడు మా పెద్దమ్మ, డెబ్బది దాటిన యామె, గట్టుమీద చతికిలబడి, "ఒరే నాయనా, రైలునడిగేరు, సెలవులడిగేరు, పంచాంగం అడిగేరు. నీళ్లని మాత్రం అడగలేదు" అనెను.

ఆ మాటయే నేటి నా ప్రసంగమునకు మూలము. బండిప్రయాణమునకు దినము ముందు నిర్ణయించి, పిదప బండిని వెదకుకొందుము. పడవప్రయాణమునకు అది తలక్రిందు. ముందు నీటి నడుగవలెను. నీరు చెప్పిన దినమునే మనము ఎంచుకొనవలెను.

ఇంగ్లండు దేశమున వేసవియే కాలువప్రయాణములకు తగిన ఋతువు. అచ్చటి సన్నని కాలువలలో ఏడడుగుల వెడల్పు మాత్రము కలిగి, కొన్నియెడల డెబ్బదియడుగుల పొడవుండు ఇరుకుపడవలు నడచుచుండును. పూర్వము వానియందు బొగ్గును, మట్టిపాత్రలను, ధాన్యమును నింపి, గట్టుమీద గుఱ్ఱమును నడపించి త్రాటితో లాగించుచుండిరి. 1761లో బ్రిడ్జివాటరు ప్రభువు తన గనుల బొగ్గును మాంచెస్టరువైపు చేర్చుటకు తెఱపించిన కాలువ ఆ దేశపు కాలువల యుగమునకు నాందియని చెప్పుదురు. తరువాత రైళ్లును లారీలును వచ్చి సరకును తీసికొనిపోయినవి. కాలువలు మాత్రము నిలిచినవి. ఇప్పుడు కుటుంబములవారు ఆ పడవలను వారమునకో పక్షమునకో బాడుగకు తీసికొని, తామే చుక్కాని పట్టి, తామే లాకుల తలుపులు త్రోసికొనుచు, గంటకు నాలుగుమైళ్లకు మించని వేగమున పోవుచుందురు. పడవయే యిల్లు. అందే వంట, అందే నిద్ర.

లాకనగా నీటికి కట్టిన మెట్టు. ఎగువకాలువకును దిగువకాలువకును నడుమ రాతితో తొట్టివంటి గది కట్టి, దానికి రెండువైపుల తలుపులు పెట్టుదురు. దిగువనుండి వచ్చు పడవ గదిలో చేరగానే వెనుకతలుపు మూసి, ఎగువనీటిని మెల్లగా వదలుదురు. గదిలో నీరు పెరిగినకొలది పడవయు లేచును. ఎగువకాలువతో సమమైనంతట ముందుతలుపు తెఱచుకొనును. మన గోదావరి డెల్టావారికి ఇది చెప్పనక్కరలేదు. వారి యూళ్ల చెంత లాకులు నేటికిని కలవు. మా మెట్టవారికొరకు చెప్పితిని.

ఆ దేశపు యాత్రికుడు బయలుదేరుటకు పూర్వము వేయు లెక్క మనకు పాఠము చెప్పదగినది. అతడు మైళ్లను మాత్రమే లెక్కింపడు. లాకులనుకూడ మైళ్లతో కలుపును. దారి పదిమైళ్లు, లాకులెనిమిది యనుకొనుడు. మొత్తము పదునెనిమిది. దానిని గంటకు మూడు చొప్పున భాగించి, ఆరుగంటల దారియని నిశ్చయించుకొనును. ప్రొద్దు క్రుంకులోపల ఎచ్చట పడవ కట్టవలెనో ఆ లెక్కయే చెప్పును. అంతేకాదు, లాకు తెఱచినప్పుడెల్ల ఎగువనీరు దిగువకు పోవును గదా. వానలు తప్పి మిట్టమీది జలాశయములు తగ్గినచో అచ్చటను లాకులు మూసివేయుదురు. 2025 వేసవిలో అనావృష్టిచేత లీడ్సు, లివర్పూలు పట్టణములను కలుపు పెద్దకాలువలో చాలభాగమును అట్లే మూసిరి. కాలువలను చూచు సంస్థ ఆ మూసివేతలను ప్రకటించుచుండును. ప్రకటన చూడక పడవ బాడుగకు కుదుర్చుకొన్నవాడు అచ్చటను మావలెనే గట్టున కూర్చుండును.

ఇంక మన దేశమునకు వత్తము. ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. కట్టించిన ఆర్థరు కాటను దొర పొలమునకు నీటిని మాత్రమేగాక సరకునకు దారినికూడ తలపోసెను. కావుననే డెల్టాలోని ప్రధానకాలువలను పడవలు నడచుటకు తగినట్లు త్రవ్వించి లాకులు పెట్టించిరి. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణానది ఆనకట్టయు పూర్తికాగా, కృష్ణనుండి వచ్చు కాలువయు గోదావరినుండి వచ్చు కాలువయు ఏలూరున కలిసికొనెను. దక్షిణమున కొమ్మమూరు కాలువ, దానికి దిగువ బకింగుహాము కాలువ. మదరాసునకు ఉత్తరమున 1806లో మొదలైన ఆ ఉప్పునీటికాలువ క్రమముగా పొడిగింపబడి, 1878లో అప్పటి మదరాసు గవర్నరగు బకింగుహాము ప్రభువు పేరు తాల్చినది. ఈ కాలువలన్నియు ఒకదానితో నొకటి కలియుటచేత కాకినాడలో ఎక్కించిన సరకు పడవమీదనే మదరాసు చేరుటకు వీలుకలిగెను. ధాన్యము, ఉప్పు, వంటచెఱకు ఆ దారిని పోవుచుండెను. గాలి యనుకూలించిన తెరచాప, లేనియెడ గడకఱ్ఱ, అదియు చాలనిచోట గట్టుమీద మనుష్యులే త్రాడు భుజమున వేసికొని లాగుచుండిరి.

తరువాత రైలు వచ్చెను, మోటారు వచ్చెను, పడవలు తగ్గెను. పూడికలు పెరిగెను. 2008లో కేంద్రప్రభుత్వము కాకినాడనుండి పుదుచ్చేరివఱకు గల కాలువలను, గోదావరీకృష్ణల కొన్ని భాగములను కలిపి, 1,078 కిలోమీటరుల దారిని నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. అయినను కాకినాడలో ఎక్కి మదరాసులో దిగు ప్రయాణికుల పడవ నేడు లేదు. కాబట్టి తాతలు చెప్పిన ముచ్చటలు విని కాలువలపడవకు మూట కట్టుకొనుట పొరపాటు.

ఇచ్చట ముఖ్యమైన భేద మొకటి కలదు. ఇంగ్లండు కాలువలలో పెక్కు పడవకొరకు పుట్టినవి. మన డెల్టా కాలువ చేనికొరకు పుట్టినది. పడవ దానికి అతిథి. యజమాని విశ్రమించు వేళ అతిథికి చోటుండదు. దాళ్వాపంట చేతికివచ్చిన పిదప, సాధారణముగా ఏప్రిలు చివరిభాగమునుండి జూను మొదటి వారములవఱకు, డెల్టా కాలువలకు నీరు కట్టివేయుదురు. ఆ దినములలోనే పూడిక తీయుట, గట్టు కట్టుట, తలుపులు బాగుచేయుట మొదలగు పనులు సాగును. సార్వాకు నీరు వదలువఱకు కాలువ యెండియుండును. మన పిల్లల సెలవులును సరిగా ఆ దినములలోనే వచ్చును. కావున వేసవి సెలవులలో కాలువపడవయను కోరిక మన సీమలో స్వభావముచేతనే చెల్లదు. ఇది ఎవరి లోపమును కాదు. ఆ యెండుటవలననే వచ్చు పంట పండును.

అట్లయిన వేసవిలో పడవయే లేదా? కలదు. కాలువ మూతపడినను నది యున్నది. అయితే గోదావరి యంతయు ఒక్కటి కాదు. పడవవానికి అది మూడు నదులు.

మొదటిది పాపికొండల నడుమ నున్న ఇఱుకుదారి. అచ్చట నది సన్నమై లోతు హెచ్చియుండుటచేత వేసవియందును లాంచీలకు నీరు చాలును. పూర్వము రాజమహేంద్రవరమువైపునుండి లాంచి యెక్కి నేరుగా కొండలదాక పోవుచుండిరి. పోలవరము పనులలో 2021లో ప్రవాహమును స్పిల్‌వే మీదుగా మళ్లించినపిదప ఆ యేకదారి తెగినది. ఇప్పుడు దేవీపట్నముసీమలోని గండిపోచమ్మ రేవునుండియు, ఎగువను పోచవరమువైపునుండియు ఎక్కుట వాడుక. వరదదినములలో ఈ లాంచీలు ఆగి, నీరు శాంతించినపిదప మరల సాగుచుండును.

రెండవది ధవళేశ్వరము బ్యారేజికి ఎగువ నిలిచియుండు నీరు. కాటను ఆనకట్ట స్థానమున కట్టిన ఈ బ్యారేజి 1982 నాటికి సిద్ధమైనది. రాజమహేంద్రవరము రేవులయొద్ద ఒకటి రెండు గడియల విహారమునకు ఇది చాలును.

మూడవది ఆనకట్టకు దిగువ, గౌతమియనియు వసిష్ఠయనియు చీలిన పాయలు సముద్రమును చేరుచోటు. ఎగువనుండి నీరు రాకున్నను ఇచ్చట సముద్రపు పోటు లోపలికి వచ్చును గాన వేసవిలోను నది నిండుగా కనబడును. దిండి, నరసాపురము, అంతర్వేది ఈ భాగములోనివి. ఇచ్చట అడుగవలసినది వరదను గూర్చి కాదు, పోటుపాటులను గూర్చి. పాటువేళ ఇసుకతిన్నెలు తేలి, పడవ తాకవచ్చును. రేవువారికి పోటువేళలు కంఠస్థముగా నుండును. వారి నడిగి బయలుదేరవలెను.

వీనికి పైన భద్రాచలమువైపు నది వెడల్పై, వేసవిలో ఇసుకయు రాళ్లును బయటపడును. కాటను కాలమున ఎగువగోదావరిని యేడాదిపొడుగున పడవలకు అనువుగా చేయవలెనని పెద్దపని తలపెట్టి, దుమ్ముగూడెమున ఆనకట్ట కట్టి, చాలధనము వెచ్చించి, తుదకు 1871లో ఆ ప్రయత్నమును విడిచిరి. దొరతనమువారికే లొంగని వేసవినది మన సెలవులకు లొంగునా?

పెద్దలారా, ఇంతవఱకు నీరు తక్కువగుటను గూర్చి చెప్పితిని. నీరును గాలియు హెచ్చినప్పటి మాట చెప్పుట అంతకంటె ముఖ్యము. గడచిన సంవత్సరములలో మన రెండు నదులమీదను మూడు ఘోరములు జరిగినవి. వానిని భయపెట్టుటకు గాక నేర్చుకొనుటకు జ్ఞాపకము చేయుచున్నాను.

2017 నవంబరు 12వ తేదీన, కార్తికమాసపు ఆదివారము సాయంకాలమున, కృష్ణలో ఇబ్రహీంపట్టణము ఫెర్రీయొద్ద ఒక పడవ తల్లక్రిందైనది. అందున్నవారిలో పెక్కండ్రు ఒంగోలునుండి వచ్చినవారు. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు అనుమతి లేదు. నది నాడు ప్రళయముగా లేదు. ప్రొద్దుపోవుచున్న తొందరయు, అడుగక యెక్కుటయు నుండెను.

2018 మే 15వ తేదీ సాయంకాలమున, అనగా నడివేసవిలో, కొండమొదలునుండి రాజమహేంద్రవరమువైపు వచ్చుచున్న లాంచి మంటూరుచెంత గాలివానకు చిక్కి మునిగినది. అందున్నవారిలో చాలమంది కొండపల్లెలవారు. నదియే వారికి బాట. జల్లు కొట్టుచున్నదని తలుపులును కిటికీలును మూసికొని లోపల కూర్చుండుటచేత, లాంచి ఒరిగినప్పుడు చాలమందికి బయటపడు దారి లేకపోయినది.

2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరుచెంత విహారపు లాంచి యొకటి సుడిలో పడి మునిగినది. అందు డెబ్బదిమందికి పైగా నుండిరి. మన విశాఖసీమవారును అందుండిరి. కుటుంబములకు కుటుంబములే పోయినవి. లైఫుజాకెట్టు ధరించియున్నవారిలో పలువురు తేలియుండగా తూటుగుంట గ్రామస్థులు తమ నాటుపడవలతో పోయి రక్షించిరి. మునిగిన లాంచిని నెలకు పైగా శ్రమించి అక్టోబరు 22వ తేదీన గట్టుకు తెచ్చిరి.

ఈ కడపటి దానిలో ఒక సూక్ష్మము కలదు. ఆ దినమున గోదావరి ప్రవాహము ఐదులక్షల క్యూసెక్కుల దరిదాపున నుండెను. క్యూసెక్కనగా క్షణమునకు ఒక ఘనపుటడుగు నీరు. మన కొలతలో ఇరువదియెనిమిది లీటర్లకు పైచిలుకు. ధవళేశ్వరమున మొదటి ప్రమాదసూచిక ఎగురవేయునది పదిలక్షల క్యూసెక్కులకు. 1986 ఆగస్టు 16వ తేదీన వచ్చిన మహావరద ముప్పదియైదు లక్షలు. వీనితో పోల్చిన ఐదులక్షలు చిన్నమాటగా తోచును. ప్రమాదసూచిక లేదు గదా యని నిర్భయముగా నుందుము. కాని ఆ సూచికలు గట్టుమీది గ్రామములకొరకు ఏర్పరచినవి, పడవలకొరకు కాదు. వెడల్పైన ధవళేశ్వరమున పరచుకొని పోవు నీరే కొండల ఇఱుకున త్రోసికొనుచు సుడులు తిరుగును. వరదహెచ్చరిక లేకుండుట పడవకు అభయము కాదు. ఈ యొక్కమాట మీ గ్రామములలో పదిమందికి తెలిసిన నా ప్రసంగము వ్యర్థము కాదు.

ఆ దుర్ఘటన పిదప 2020లో ప్రభుత్వము పడవలు నడచు తావులయందు తొమ్మిది నియంత్రణగదులను నెలకొల్పినది. గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరము, మన విశాఖలోని ఋషికొండ అందు చేరినవి. 1917 నాటి పాత చట్టమునకు బదులుగా 2021లో లోతట్టు నీటిపడవలకు నూతనచట్టము వచ్చినది. దానిప్రకారము యంత్రపు పడవకు నమోదును తనిఖీ పత్రమును ఉండవలెను. చట్టమున్నది, గది యున్నది. అడుగు నోరు మాత్రము మనది కావలెను.

ఇక పెందుర్తినుండి గాని, సబ్బవరము, కొత్తవలసలనుండి గాని ఒక బృందము వేసవిలో బయలుదేరదలచిన ఏర్పాటు ఎట్లుండవలెనో చెప్పెదను.

మొదట మాసము. పరీక్షలు ముగిసినవారు ఏప్రిలు మొదటిభాగమున పోగలిగినచో కాలువలలో నీరును చూడవచ్చును, ఎండయు కొంత తక్కువ. మే నెలలోనే పోవలసిన యెడల కాలువను మఱచి నదినే కోరుకొనుడు. జూను నడిమిని దాటిన పిదప వరదమాటను ప్రతిదినము విచారింపక కదలరాదు.

రెండవది విచారణ. బయలుదేరుటకు వారము ముందు ఒకసారి, ముందుదినమున ఒకసారి, రేవునకు చేరినపిదప ఒకసారి, ముమ్మారు అడుగవలెను. లాంచి నడచునా, ఎచ్చటనుండి నడచును, గాలివాన సూచన కలదా, ఏవేళకు మరల గట్టు చేరును? నేటి కుఱ్ఱవాండ్రు చేతిఫోనులోనే టిక్కెట్టు తీసికొనుచున్నారు. టిక్కెట్టు దొరకుట నది సమ్మతించుట కాదు.

మూడవది వేళ. వేసవిలో ఉదయము నది అద్దమువలె నుండును. మధ్యాహ్నము దాటినపిదప ఎండకు కాగిన నేలమీద మబ్బు లేచి, సాయంకాలమునకు ఈదురుగాలియై విఱుచుకొనిపడవచ్చును. మంటూరు దుర్ఘటన అట్టివేళదే. కాబట్టి తెల్లవారుజామున రేవు చేరి, ప్రొద్దు వాలకముందే గట్టెక్కు లాంచినే కుదుర్చుకొనవలెను. ఇంగ్లండువాడు లాకులను లెక్కించినట్లు మనము ప్రొద్దును లెక్కించుకొందము. పోవుట, భోజనము, గుడి చూచుట, తిరిగివచ్చుట అన్నియు కూడి ఎన్నిగంటలో ముందే వేసికొని, అందు ఒక గంట విడుపుంచవలెను.

నాల్గవది పడవ యెక్కిన పిదప. లైఫుజాకెట్టును ఎక్కునప్పుడు కట్టి, దిగినపిదపనే విప్పవలెను. ఉక్కగా నున్నదనియు, ఫోటోకు బాగుండదనియు, భోజనమునకు అడ్డమనియు విప్పు అలవాటు మాన్పవలెను. పసివాండ్రకు తగిన కొలతవి కలవో లేవో గట్టుమీదనే చూడుడు. లేనిచో ఆ లాంచి మీది కాదు. వింత కనబడినదని అందఱును ఒకేప్రక్కకు పరుగెత్తరాదు. జల్లు వచ్చినను తలుపులును కిటికీలును బిగించుకొనరాదు, తడియుట మేలు. సరంగును మాటలలో పెట్టరాదు. అతడు గట్టుకు త్రిప్పెదననినప్పుడు వాదింపరాదు.

ఐదవది దేహము. మే నెలలో గోదావరిమీది గాలి చల్లగా తోచినను నీటినుండి తిరిగి కొట్టు ఎండ వడదెబ్బకు తోడగును. తలకు పాగా, త్రాగుటకు ఇంటినీరు, మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నీరు వెంట నుండవలెను. వృద్ధులను యంత్రముచెంత కూర్చుండబెట్టరాదు. ఆకులను, సీసాలను, సంచులను నదిలో విసరరాదు. దిగువనున్న యూళ్లు ఆ నీటినే త్రాగును.

దినములు మూడు చాలును. మొదటిదినమున రైలులో రాజమహేంద్రవరము చేరవలెను. విశాఖనుండి సుమారు 200 కిలోమీటరులు. ఆ సాయంకాలము ధవళేశ్వరము పోయి బ్యారేజిని, లాకులను, కాటను జ్ఞాపకార్థమేర్పడిన ప్రదర్శనశాలను చూడవచ్చును. వేసవిలో మనకు దొరకు లాభ మొకటి ఇచ్చటనే కలదు. కాలువ కట్టివేసిన దినములలో లాకుగది అడుగువఱకు బయటపడియుండిన, నీరున్నప్పుడు కనబడని రాతికట్టుబడి కన్నులకు కట్టును. పడవకొరకు పోయి పడవదారి యెట్లు కట్టిరో చూచివచ్చుట నష్టము కాదు. పిల్లలకు లాకు తలుపుల మర్మమును అచ్చటనే చెప్పుడు. పుస్తకములో పదిపుటలు చదివినను అంత తెలియదు.

రెండవదినము పాపికొండలకు. గండిపోచమ్మయొద్ద ఉదయముననే ఎక్కినచో కొండలు రెండువైపుల దగ్గఱకు వచ్చుచు, నది మలుపుమలుపునకు మూసికొనినట్లును మరల తెఱచుకొనినట్లును తోచును. పేరంటాలపల్లిలోని ఆశ్రమమును గుడిని దర్శింపవచ్చును. అచ్చటి కొండరెడ్ల పల్లెలకు మనము అతిథులము; వారి వెదురుపనిని కొన్నయెడల బేరము గట్టిగా చేయకుడు.

మూడవదినము, ఓపికయున్నవారు కోనసీమవైపు దిగి, వసిష్ఠ సముద్రమును కలియు అంతర్వేదిని చూడవచ్చును. నరసాపురమునకును సఖినేటిపల్లికిని నడుమ పంటుమీద నది దాటుట చిరకాలముగా ప్రసిద్ధము. ఓపిక లేనివారు రాజమహేంద్రవరముననే విశ్రమించి రాత్రిబండికి ఎక్కవచ్చును.

ఇంత ఏర్పాటు చేసికొన్నను, ఒకదినము నీరు కాదనవచ్చును. కావున ప్రతి యేర్పాటునకును పడవ లేని రెండవ యేర్పాటొకటి జేబులో నుండవలెను. పడవ కదలనిదినమున ఏ గుడి, ఏ తోట, ఏ బంధువుల యిల్లు అని ముందే అనుకొనియున్నచో పిల్లలు ఏడ్వరు, పెద్దలు కలహింపరు.

గ్రామపెద్దలను ఉద్దేశించి ఇంతగా చెప్పుటకు హేతువొకటి కలదు. ప్రయాణమునకు ఉత్సాహము పిన్నలది, సొమ్ము నడివయస్సువారిది, కాని రేవున నిలువబడి "నేడు వద్దు" అనగల మాట పెద్దలది. దూరమునుండి వచ్చితిమి, సొమ్ము చెల్లించితిమి, సెలవు మరల దొరకదు అను మూడుమాటలు మనుష్యులను ఎక్కరాని పడవ నెక్కించును. ఆ మూడింటికిని ఎదురు నిలుచుటకు నెరసిన తల యొకటి బృందములో నుండవలెను. రేవునుండి వెనుదిరుగుట అవమానము కాదు. గోదావరి యెచ్చటికిని పోదు. వచ్చు యేడును అచ్చటనే యుండును. మనవారును ఉండవలెను గదా!

మా పెద్దమ్మను మఱుచటేడు మాఘమాసమున మరల తీసికొనిపోతిమి. ఆ సారి ముమ్మారు విచారించి పోతిమి. లాంచి మెల్లగా కొండలనడుమకు చేరినప్పుడు ఆమె చేయి క్రిందికి చాచి నీటిని తాకబోయెను, అందలేదు. కనులు మూసికొని నమస్కరించెను. నీటినడిగి వచ్చినవారికి ఆ పాటి తృప్తి తప్పక దొరకును.